చేపకు వాసన తిరిగి వస్తుంది, నీరు బాగుంటే!

చేపకు ముక్కెందుకో ఎప్పుడైనా ఆలోచించారా? గాలి పీల్చడానికి మాత్రం కాదు. ఆ పని మొప్పలది. చేప ముక్కు ఉన్నది కేవలం వాసన చూడడానికే!

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఇసాక్వా అనే వాగు ఉంది. అక్కడి కోహో సాల్మన్ చేపలు వాగులో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టే వేళకు పుట్టిన చోటికే తిరిగివస్తాయి. 1950ల తొలినాళ్లలో హాస్లర్, విజ్బీ అనే శాస్త్రజ్ఞులు ఆ వాగు రెండు పాయల్లోనూ చేపలను పట్టారు. కొన్నింటి ముక్కులు మూసి, అన్నింటినీ పాయలు కలిసేచోటికి దిగువన వదిలారు. ముక్కు మూయని చేపలు చాలావరకు తమ పాయకే చేరాయి. మూసినవి తికమకపడ్డాయి. చేపకు వాసనే దారి చూపుతుందన్నమాట.

మరి ఆ వాసన పోతే? చేప ముక్కులోని నాడీకణాలు నేరుగా నీటిని తాకుతుంటాయి. వాటి పోగులన్నీ కలిసి మెదడుకు వెళ్లే ఘ్రాణనాడి అవుతాయి. గోల్డ్‌ఫిష్‌లో శాస్త్రజ్ఞులు ఈ నాడిని తెంచి చూశారు. పాత నాడీకణాలు చనిపోయాయి. కాని ముక్కుపొర అడుగునున్న మూలకణాలు కొత్త నాడీకణాలను పుట్టించాయి. వాటి పోగులు మెదడు దాకా పెరిగాయి. చేపకు మళ్లీ వాసన తెలిసింది!

“అయితే ఇక భయమెందుకు? చెడినా బాగుపడుతుంది కదా!” అని మీరనవచ్చు. నేనొప్పుకోను. గాయం మానుతుంది గదా అని ఎవరైనా చేయి కోసుకుంటారా?

ప్రయోగశాల తొట్టిలో శుభ్రమైన నీరుంటుంది, వేళకు మేత ఉంటుంది, శత్రువు ఉండదు. వాగులో అలా కాదు. వాహనాల బ్రేకులు అరిగినప్పుడు రాలే రాగి పొడి వాననీటితో వాగులో కలుస్తుంది. లీటరు నీటిలో కొన్ని మైక్రోగ్రాముల రాగి చాలు, కొద్ది గంటల్లోనే కోహో పిల్లల ఘ్రాణశక్తి మొద్దుబారుతుంది. సాటి చేప గాయపడితే దాని చర్మం నుంచి హెచ్చరిక వాసన వెలువడుతుంది. అది అందితే చేపపిల్ల కదలకుండా ఉండిపోతుంది. అందకపోతే ఈదుతూనే ఉండి పెద్దచేప నోట పడుతుంది. రాగి మోతాదు పెరిగితే నాడీకణాలే చనిపోతాయి. కొత్తవి రావడానికి వారాలు కావాలి. చేపపిల్లను మింగడానికి క్షణం చాలు! పైగా రాగి వస్తూనే ఉంటే కొత్త కణాలకూ అదే గతి.

అందుకే బ్రేకుల్లో రాగిని తగ్గించాలని వాషింగ్టన్ రాష్ట్రం 2010లో చట్టం చేసింది. ఇది సరైన మార్గమని నా అభిప్రాయం. చేప తన ముక్కును తానే బాగుచేసుకోగలదు. నీటిని మాత్రం బాగుచేసుకోలేదు. అది మన పని.

ఈసారి వాన కురిసినప్పుడు మీ వీధి నీరు ఎక్కడికి పోతోందో, తనతో ఏమేమి తీసుకుపోతోందో గమనించండి.