జాడీల బరువు మోసేది గోడే!

ఆవకాయ జాడీలకని వంటింటి గోడకి చెక్క బల్ల బిగించాలనుకుంటున్నారా? హార్డ్‌వేర్ షాపుకెళ్ళి "అరడజను స్క్రూలివ్వు బాబూ" అనే ముందు, మీ గోడ దేనితో కట్టిందో తెలుసుకోండి.

తొండుపల్లి, శంషాబాద్ చుట్టుపక్కల అన్ని రకాల ఇళ్ళూ ఉన్నాయి. పాతకాలపు రాతి గోడలు, ఎర్ర ఇటుక గోడలు, 2008లో విమానాశ్రయం వచ్చాక లేచిన కొన్ని అపార్ట్‌మెంట్లలో తేలిక సిమెంటు దిమ్మెల గోడలు. రంగులు వేశాక అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి.

మరి తెలిసేదెలా? డ్రిల్లింగ్ మిషన్ పెట్టినప్పుడు రాలే పొడి చూడండి. మొదట వచ్చే బూడిదరంగు పొడి ప్లాస్టరింగుది, దాన్ని నమ్మకండి. తర్వాత ఎర్రపొడి వస్తే ఇటుక. బిట్టు దిగనని మొరాయిస్తే రాయో, కాంక్రీటో. జున్నులో దిగినట్టు దిగి తెల్లటి మెత్తని పొడి రాలితే తేలిక దిమ్మె.

ఇటుకకీ కాంక్రీటుకీ మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు చాలు. 8 మి.మీ. ప్లగ్గుకి 8 మి.మీ. బిట్టే వాడాలి. రంధ్రం ప్లగ్గుకంటే కాస్త లోతుగా ఉండాలి. లోపలి పొడి ఊదెయ్యాలి (కళ్ళు జాగ్రత్త!). ప్లగ్గు ప్లాస్టరింగు దాటి లోపలికి వెళ్ళాలి. ప్లాస్టరింగే అరంగుళం పైన ఉంటే, అంగుళం స్క్రూ ఏం పట్టుకుంటుంది పాపం! 10 నంబరు, రెండంగుళాలది తీసుకోండి.

తేలిక దిమ్మెలకి వేరే ప్లగ్గులున్నాయి, అడిగి కొనండి. మామూలుది వేస్తే ఆవేళ బాగానే ఉంటుంది, పోనుపోను వదులవుతుంది. రాతి గోడైతే రాయిలోనే రంధ్రం వేయించాలి, రాళ్ళ మధ్య మట్టి అతుకులో కాదు.

బ్రాకెట్‌కి పై స్క్రూయే ప్రాణం. జాడీల బరువు ముందుకి లాగేది దాన్నే. పొయ్యి పైనా, పిల్లలు పడుకునే చోటా ఇలాంటి బల్ల అసలు వద్దు, ఎంత గట్టిగా బిగించినా సరే. స్విచ్‌బోర్డుకి తిన్నగా పైనా కిందా కూడా రంధ్రం వేయించకండి, లోపల కరెంటు పైపు ఉంటుంది.

చెక్కకి ప్లగ్గు అక్కర్లేదు. ముందు స్క్రూ కంటే సన్నటి రంధ్రం వేసి, మరలకి కాస్త సబ్బు రాస్తే టేకైనా చీలదు. ఇత్తడి స్క్రూలైతే ముందు అదే సైజు ఇనుప స్క్రూ బిగించి తీసి, ఆ దారిలో ఇత్తడిది దింపాలి. లేకపోతే తల తెగుతుంది. సింకు దగ్గర మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలువే వాడండి.

అన్నట్టు, పాత తలుపు బందుల స్క్రూలు ఎంత తిప్పినా బిగియడం లేదా? మందు గీకేసిన అగ్గిపుల్లలు ఫెవికాల్‌లో ముంచి ఆ రంధ్రంలో కూరండి. రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున్నే బిగించండి.