గిడ్డంగులలో విషవాయువు

2020 మే 7వ తేది వేకువజామున విశాఖపట్టణమున ఎల్జీ పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెలువడి, నిద్రించుచున్న వెంకటాపురము ప్రజలపై గ్రమ్మెను. 12 మంది మరణించిరి. అచ్చట సైరను లేకపోలేదు, మ్రోగింపబడలేదు.

రావులపాలెపు ధాన్యపు గిడ్డంగులకు అట్టి భయమేమియని సోదరరైతులు కొందరనవచ్చును. పురుగు పట్టకుండ పెట్టు అల్యూమినియము ఫాస్ఫైడు బిళ్ళల మాటేమి? 3 గ్రాముల బిళ్ళ తేమ తగిలినచో 1 గ్రాము ఫాస్ఫీను వాయువును విడుచును. కోనసీమ గాలిలో తేమకు కొదువయా! ఆ విషమునకు విరుగుడు మందు లేదు. ముక్కునకు చుట్టిన తువ్వాలు దాని నాపదు. వెల్లుల్లివంటి వాసన రానంతమాత్రమున గాలి మంచిదని నమ్మరాదు. బిళ్ళలపై నీళ్లు చల్లుట మరింత కీడు.

వీనిని అనుమతిగలవారి పర్యవేక్షణలోనే వాడవలెనని నిబంధన కలదు. కాని బస్తాలు మోయు హమాలీకి ఈ సంగతి చెప్పువారెవరు? బిళ్ళలు పెట్టిన దినమున తలుపుపై తెలుగున హెచ్చరిక వ్రాయవలెను. పిమ్మట తలుపులు తెరచి, గాలి నాడించి, వాయువును కొలుచు పరికరముతో పరీక్షించిన తరువాతనే కూలీలను లోనికి పంపవలెను. లోన నొకడు పడిపోయినచో రెండవవాడు వట్టి ముఖముతో పరుగెత్తరాదు. 108కి ఫోను చేయవలెను.

పరికరమునకు ఖర్చగునని సంఘమున గొణుగుదురు. లాభములు పంచుటకు ముందే ఆ సొమ్ము తీసియుంచవలెనని నా యభిప్రాయము. రాబోవు సర్వసభ్యసమావేశమున సభ్యులెవరైనను ఈ తీర్మానమును ప్రతిపాదింతురా?