అటకమీది తుపాకి దిగాలి

వేలూరు, గుడియాత్తం తెలుగువాళ్ళారా,

2015 నవంబరు 17న చిత్తూరు నగరపాలక కార్యాలయంలోకి బురఖాల్లో వచ్చినవాళ్ళు మేయర్ కటారి అనురాధను అక్కడే కాల్చి చంపారు. కత్తిపోట్లు తిన్న ఆమె భర్త మోహన్‌కూ ప్రాణం దక్కలేదు. చిత్తూరు మనకు పరాయి ఊరా? మన వియ్యాలూ బేరాలూ సరిహద్దుకు అటూ ఇటూ ఉన్నవే. ఆ వారమంతా ఏ టీ కొట్టు దగ్గర చూసినా ఒకటే మాట: ఈ తుపాకులు ఎక్కణ్ణించి వస్తున్నాయి? నెల తిరిగేసరికి అడిగే నాథుడు లేడు. కోర్టు మాత్రం వదల్లేదు. పదేళ్ళు పట్టినా, 2025 అక్టోబరులో ఐదుగురికి మరణశిక్ష వేసింది. ఆ ఓపికలో పావు వంతు మనకూ ఉండాలని అడగడానికే ఈ నాలుగు మాటలు.

చట్టానికేం కొదవ లేదు. 1959 నాటి ఆయుధాల చట్టాన్ని 2019లో ఇంకా బిగించారు. ఒక మనిషి ఉంచుకోగల లైసెన్సు తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. ముందు తెచ్చిన బిల్లులో ఉన్నది ఒక్కటే సుమా! తుపాకులున్నవాళ్ళు గొంతెత్తారు, ఒకటి రెండయింది. తుపాకి లేని కోట్లమందిమి మనం కిమ్మనలేదు. ఇక లైసెన్సు లేనిది దొరికితే రెండు నుంచి ఐదేళ్ళ జైలు. ఎన్నికలొస్తే లైసెన్సున్నవాడు తుపాకిని స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకుంటాడు. అటకమీది నాటు తుపాకి ఏ ఎన్నికకూ కదలదు.

దాన్ని దగ్గరగా చూశారా? ఒక ఇనప గొట్టం, చెక్క మడమ. మూతిలోంచి తుపాకిమందు పోసి, గుడ్డపీలిక కూరి, బేరింగు గుండ్లు వేసి, కమ్మీతో దట్టిస్తారు. ఎప్పుడు పేలుతుందో, ఎటు పేలుతుందో చేసినవాడికే తెలియదు. రాత్రి చేలో గలగలమంటే పంది అనుకుని కాలుస్తాం. త్రీ ఫేజ్ కరెంటొచ్చిందని మోటారు వెయ్యడానికి లేచిన పక్కింటి పెదనాయన కూడా ఆ వేళకే చేలో నడుస్తుంటాడు.

రైతు కష్టం నాకు తెలియనిది కాదు. మోర్ధానా, పేర్ణంబట్టు అడవి అంచున వేరుశనగ వేసినవాడికి పందుల బెడద ఒకవైపు, కౌండిన్య అడవి నుంచి దిగే ఏనుగులు మరోవైపు. రిజర్వు అడవి నుంచి మూడు కిలోమీటర్లు దాటి వచ్చిన పందుల్ని అటవీ సిబ్బందే కాల్చవచ్చని తమిళనాడు ప్రభుత్వం 2025 జనవరిలో చెప్పింది. ఆ మాట మన పొలాల దాకా రావాలంటే వెంటపడాలి. తుపాకి ఇచ్చెయ్యమని రైతుకు చెప్పే ప్రతివాడూ, నష్టపరిహారం అర్జీ పట్టుకుని ఆయనతో రేంజర్ ఆఫీసు మెట్లెక్కాలి. అది చెయ్యలేనివాడికి నీతులు చెప్పే హక్కు లేదు. నాటు తుపాకి పేరు చెప్పి ఏ ఒక్క కులాన్నో వేలెత్తి చూపడం కూడా వద్దు.

మన పిల్లలు చదువుకుని అమెరికా వెళ్తున్నారు. 2017లో కాన్సస్‌లోని ఒలేతెలో ఒక తెలుగు ఇంజనీరు, 2023లో టెక్సస్‌లోని అలెన్ మాల్‌లో ఒక తెలుగమ్మాయి తూటాలకు బలయ్యారు. అక్కడ ప్రతి కాల్పుల తర్వాతా జనం కదులుతారు, మళ్ళీ చల్లబడతారు. 1996లో ఆస్ట్రేలియా చల్లబడలేదు. పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది చనిపోయిన పన్నెండు రోజులకే రాష్ట్రాలన్నీ ఒప్పందానికి వచ్చాయి. ఆరు లక్షలకు పైగా తుపాకుల్ని ప్రభుత్వం డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది.

మనకు అంత పని లేదు. గడువిచ్చి, ఆ లోపల తెచ్చిచ్చినవాళ్ళమీద కేసు పెట్టబోమని పోలీసులు చెప్పడం మన చుట్టుపక్కల కొత్తేమీ కాదు. ఆ గడువు మన పల్లెలకూ కావాలని ఊరి పెద్దలు కలిసి ముందుగా డీఎస్పీని అడగాలి. ఆ మాట తెచ్చుకున్నాక, భయపడేవాడి వెంట నలుగురు నడవాలి. అక్కల్లారా, ఇంట్లో అటకమీద ఏముందో మీకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. మహిళా సంఘం కూర్చున్నప్పుడు అప్పు వాయిదాల తర్వాత ఈ మాటా తియ్యండి.

మన రాష్ట్రంలో ఏడాదికి ఆరు గ్రామసభలు. ఆగస్టు 15న తీర్మానం రాయించండి. అక్టోబరు 2న లేచి అడగండి: ఎన్ని తుపాకులు వచ్చాయి, పరిహారం ఎందరికి అందింది? జవాబు రాకపోతే నవంబరు 1న మళ్ళీ అడగండి.