చెవిటివాని చేతి శంఖం

చెవిటివాని ముందు శంఖం ఊదడం గురించి మన పెద్దలు సామెత చెప్పారు గానీ, చెవిటివాడే శంఖం పట్టుకొని బయలుదేరితే ఊరి గతి ఏమిటో చెప్పలేదు. ఆ లోటును మన హైదరాబాదు హామ్ రేడియో మిత్రులలో కొందరు ఉత్సాహంగా పూరిస్తున్నారు. వారి వాదం క్లుప్తంగా ఇది: నగరంలో నూరు వాట్లతో ఇక బ్రతుకు లేదు, కిలోవాటుకు తక్కువ కాని సాలిడ్ స్టేట్ యాంప్లిఫయరు ఒకటి విదేశాల నుంచి తెప్పించుకోవాలి, అది లేనివాడు గాలిలో ఉన్నా లేనట్టే. ఈ వాదాన్ని నేను అంగీకరించను. ఎందుకో, రేడియోతో పరిచయం లేని సాహితీమిత్రులకు కూడా బోధపడేటట్లు నాలుగు మాటలు వ్రాస్తాను.

ముందుగా పరిభాష. పరీక్ష వ్రాసి, ప్రభుత్వం నుంచి లైసెన్సు పొంది, లాభాపేక్ష లేకుండా సొంత రేడియో కేంద్రం నడుపుకొనేవారు హాములు. వారి ట్రాన్స్‌సీవరు సాధారణంగా ఏంటెన్నాకు నూరు వాట్ల శక్తిని ఇస్తుంది. దానిని ఇంకా పెంచే యంత్రమే పవర్ యాంప్లిఫయరు. మన పాఠ్యపుస్తకాలలో దీని పేరు వర్ధకం. హాముల నోట మాత్రం ఇది 'లీనియర్'. వాల్వులకు బదులు ట్రాన్సిస్టర్లతో పని చేస్తే అది సాలిడ్ స్టేట్, అనగా ఘనస్థితి యంత్రం.

ట్రాన్సిస్టరు మీద నాకు కక్ష లేదు. వాల్వుల ఎర్రని వెలుగును తలచుకొని కన్నీరు కార్చే జాతి కాదు నాది. పాత లీనియర్లలోని పెద్ద వాల్వుకు రెండు మూడు వేల వోల్టుల విద్యుత్తు కావాలి. మూత తీసి చెయ్యి పెట్టినవాని గొంతు మరునాడు గాలిలో వినిపించకపోవచ్చు. బ్యాండు మార్చినప్పుడల్లా నాబులు తిప్పి ట్యూన్ చెయ్యాలి. ఈ బాధలను ట్రాన్సిస్టరు తప్పించింది. మోటరోలా కంపెనీ కోసం హెల్గే గ్రాన్‌బర్గ్ వ్రాసిన అప్లికేషన్ నోట్లు చదువుకొని, నాలుగు ఎమ్మారెఫ్150 ట్రాన్సిస్టర్లతో 600 వాట్లు తీసినవారు లోకమంతటా ఉన్నారు. ఆ తరువాత ఎల్‌డీమాస్ జాతి వచ్చింది. బీఎల్‌ఎఫ్188ఎక్స్‌ఆర్ అనే ట్రాన్సిస్టరు అరచేతిలో ఇమిడిపోతుంది. 50 వోల్టుల సరఫరాతో 1400 వాట్ల వరకు ఇవ్వగలదు. ఏంటెన్నా సరిగా లేక శక్తి వెనుకకు తన్నినా, 65:1 నిష్పత్తి దాకా తట్టుకొంటుందని తయారీదారు పత్రం చెబుతుంది. అద్భుతమే, కాదనను. అయితే ఇదే ట్రాన్సిస్టరు గేటుకు మోతాదు మించిన సంకేతం ఒక్క క్షణం ఇచ్చి చూడండి. వాల్వు ఎర్రబడి హెచ్చరించేది. ఇది మాట్లాడకుండా చచ్చిపోతుంది.

ఇక లెక్కలోకి వద్దాం. మన దేశపు 1978 నాటి అమెచ్యూర్ సర్వీస్ నియమాలు, తరువాతి సవరణలతో, జనరల్ తరగతి లైసెన్సుదారుకు ఇచ్చిన గరిష్ఠ శక్తి 400 వాట్లు. రెస్ట్రిక్టెడ్ తరగతికి 50. ఈ 400 అనేది కూడా ఏంటెన్నాకు వెళ్ళే శక్తి కాదు. చివరి దశలోని వాల్వుకో, ట్రాన్సిస్టరుకో అందే డీసీ శక్తి. అందులో నూటికి అరవై పాళ్ళు రేడియో శక్తిగా మారితే మంచి యంత్రమే అనుకోవాలి. అంటే 240 వాట్లు. మిగిలిన 160 వాట్లూ వేడి.

నూరు వాట్ల నుంచి 240కి పెరిగితే అవతలివాని చెవికి ఎంత తేడా? శక్తి రెట్టింపయితే 3 డెసిబెళ్ళు, పది రెట్లయితే 10. ఈ లెక్కన మన లాభం 3.8 డెసిబెళ్ళు. రేడియోల మీద సంకేతబలం చూపే సూది, అదే ఎస్-మీటరు, ఒక గీత కదలాలంటే 6 డెసిబెళ్ళు కావాలి. లక్షలు పోసి కొన్న యంత్రం చట్టం లోపల నడిస్తే, దూరాన ఉన్న మిత్రుని సూది ఒక్క గీత కూడా పూర్తిగా కదలదన్నమాట. అమెరికావారికి 1500 వాట్ల అనుమతి ఉన్నది. కిలోవాటు యంత్రాలన్నీ ఆ అంగడి కోసం పుట్టినవి. వాటిని ఇక్కడికి తెచ్చి "సగమే వాడుతున్నాను లెండి" అనే పెద్దమనిషిని నేను నమ్మాలా? చట్టాన్ని పక్కన పెట్టి 1500 వాట్లే అనుకొన్నా లాభం 11.8 డెసిబెళ్ళు, సుమారు రెండు గీతలు. ఈ అంకెను గుర్తుంచుకోండి, దీనితో పని ఉన్నది.

తార్నాకలో ఏ అపార్టుమెంటు డాబా అయినా ఎక్కి, 40 మీటర్ల బ్యాండులో సాయంత్రం చెవి పెట్టండి. వినిపించేది మనుషుల గొంతు కంటే ముందు రొద. ఎల్ఈడీ దీపాలు, ఫోను చార్జర్లు, ఇన్వర్టర్లు, లిఫ్టు మోటార్లు, నానా జాతి స్విచింగ్ సరఫరాలు కలిసి చేసే సామూహిక పారాయణం అది. సూది ఏడో గీత మీద నిలబడితే, దాని కింద ఉన్న సంకేతాలన్నీ మీకు లేనట్టే. అవతల సన్నని గొంతుతో ఒక విద్యార్థి ఐదారు వాట్లతో పిలుస్తూ ఉంటాడు. మీ కిలోవాటు అతనికి బ్రహ్మాండంగా వినబడుతుంది. అతడు మీకు వినబడడు. మీరు మళ్ళీ మళ్ళీ పిలుస్తారు, ఇంకొంచెం గట్టిగా. ఇంగ్లీషువారి హాములు ఇట్టివానిని మొసలి అంటారు: నోరు పెద్దది, చెవులు చిన్నవి. నేను చెవిటివాని శంఖమన్నది దీనినే.

ఈ రొదను 12 డెసిబెళ్ళు తగ్గించగలిగితే, 1500 వాట్ల యంత్రం మీ గొంతుకు ఎంత మేలు చేస్తుందో అంత మేలు మీ చెవికి జరిగినట్టు. దానికయ్యే ఖర్చు కొన్ని ఫెరైటు చుట్లు, ఇంత ఓపిక. ముందు ఇంటి మెయిన్ స్విచ్ ఆపి, బ్యాటరీ మీద రేడియో పెట్టి వినండి. రొద తగ్గితే దొంగ మీ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కొక్క స్విచ్ వేస్తూ పట్టుకోండి. తగ్గకపోతే ఏంటెన్నా తీగను గోడలకూ కరెంటు తీగలకూ దూరంగా జరపండి. వినడానికి విడిగా చిన్న లూప్ ఏంటెన్నా కట్టి, రొద సన్నగిల్లే దిక్కుకు తిప్పండి. కేబులు చూసుకోండి: ముప్ఫై మీటర్ల సన్నని ఆర్‌జీ-58, 28 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు రెండున్నర డెసిబెళ్ళు మింగేస్తుంది, లావుపాటి ఆర్‌జీ-213 ఒక్కటి మింగుతుంది. కేబులు మారిస్తే వచ్చే ఆ ఒకటిన్నర, వెళ్ళేటప్పుడూ దక్కుతుంది, వచ్చేటప్పుడూ దక్కుతుంది. యాంప్లిఫయరు ఇచ్చేది పోయేటప్పుడు మాత్రమే. తార్ అంటే తీగ. మన పేట పేరులోనే తీగ పెట్టుకొని, తీగను మరచి పెట్టెను పూజించడం ఏమి న్యాయం?

ఇప్పుడు అసలు అభ్యంతరం. యాంప్లిఫయరు మీ గొంతును మాత్రమే పెంచదు, మీ మలినాన్ని కూడా పెంచుతుంది. రెండు ట్రాన్సిస్టర్లను ఎదురెదురుగా పుష్-పుల్ పద్ధతిలో నడిపినప్పుడు రెండో హరాత్మకం చాలావరకు రద్దవుతుంది గానీ మూడోది మిగులుతుంది. ఫిల్టరు లేనిచోట అది అసలు సంకేతానికి పది డెసిబెళ్ళే తక్కువగా ఉండవచ్చు. 7.1 మెగాహెర్ట్జ్ మీద 240 వాట్లు పంపుతుంటే, 21.3 మీద మీకు తెలియకుండానే 24 వాట్లు పోతున్నాయన్నమాట. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఈ మలినం అసలు శక్తిలో లక్షో వంతుకు మించరాదు. పదో వంతును లక్షో వంతుకు దించేది వడపోత, అనగా ప్రతి బ్యాండుకూ విడివిడిగా కట్టిన తీగచుట్టలూ కెపాసిటర్లూ. ఆ పని చెయ్యని చవుక బోర్డులు అంగళ్ళలో దొరుకుతున్నాయి. ఇక ఎక్కువ వాట్ల ఆశతో సంకేతాన్ని అతిగా తోసేవారు, మాట మాటకూ పక్క పౌనఃపున్యాల మీద బురద చిమ్ముతారు. యాంప్లిఫయరు ఘనత అది బయటికి పంపినదానిలో కంటే, పంపకుండా ఆపినదానిలోనే ఎక్కువ ఉన్నది. అంగడివాడు మాత్రం వాట్లే చెబుతాడు.

దీనికి విరుగుడు మన ఊరిలోనే పుట్టింది. 2003 ప్రాంతంలో హైదరాబాదు హామ్ అష్హర్ ఫర్హాన్ బిట్‌ఎక్స్ అనే ట్రాన్స్‌సీవరును రూపొందించి, దాని రహస్యం మొత్తం లోకానికి ఉచితంగా ఇచ్చారు. మన బజారులో దొరికే విడిభాగాలతో కట్టుకోవాలన్నది దాని నియమం. శక్తి ఆరు వాట్ల సుమారు. స్విచింగ్ పనుల కోసం పుట్టిన ఐఆర్ఎఫ్510 అనే చవుక ట్రాన్సిస్టరే దాని చివరి దశ. పైన చెప్పిన 24 వాట్ల మలినాన్ని దీని పక్కన పెట్టి చూడండి: మీ యంత్రపు చెత్తతో నాలుగు బిట్‌ఎక్స్‌లు నడుస్తాయి! ఆ ఆరు వాట్లతో ఖండాంతరాలు మాట్లాడినవారు ఉన్నారు. వారిది కొనుగోలు కాదు, విద్య.

కాబట్టి 400 వాట్ల యంత్రం కావలసిందే అంటే, దానిని డాబా మీద కాక విశ్వవిద్యాలయంలో కట్టండి అంటాను. ఉస్మానియా ఆవరణ వెయ్యి ఎకరాలకు పైబడినది. అపార్టుమెంట్ల రొదకు దూరంగా పొడవాటి తీగ కట్టుకొనే చోటు ఈ చుట్టుపక్కల ఇంకెక్కడున్నది? ఇంజనీరింగ్ కళాశాల 1929 నాటిది. కోఠీ గుజరాతీ గల్లీ దగ్గరే. చుట్టలూ కెపాసిటర్లూ అక్కడ వెదుక్కోవచ్చు. అన్నిటినీ మించి, ఇంట్లో ఉండని స్పెక్ట్రమ్ ఎనలైజరు కళాశాల ప్రయోగశాలలో ఉంటుంది. అది ఉంటేనే మీ మలినం మీ కంటికి కనబడుతుంది. నలుగురు విద్యార్థులు ఒక ఏడాది కూర్చొని, 50 వోల్టులు, 8 ఆంపియర్లు, రాగి పలక, ఫిల్టర్ల వరుస, ఆపద రాగానే ఆపివేసే రక్షణ వలయం కట్టి, కొలిచి, ఆ కొలతలు తెలుగులో వ్రాసి పెడితే, దిగుమతి చేసుకొన్న పది పెట్టెల కంటే అది విలువైనది.

"విపత్తు వస్తే?" అని అడుగుతారు, తెలుసు. ఇది మంచి ప్రశ్న. 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌లో ఉన్నది. 26న సునామీ వచ్చినప్పుడు వారి రేడియోలు ద్వీపాలకూ ప్రధాన భూభాగానికీ మధ్య వార్తాహరులయ్యాయి. ఇట్టి ఘడియలో మొదట పోయేది కరెంటు. నూరు వాట్ల రేడియో కారు బ్యాటరీ మీద నడుస్తుంది. కిలోవాటు యాంప్లిఫయరుకు జనరేటరు వెదకాలి. ఆ ఘడియలో అవతలివాడు బలహీనమైన బ్యాటరీతో, తడిసిన తీగతో సహాయం అడుగుతూ ఉంటాడు. మీరు అతనికి ఎంత గట్టిగా వినబడతారన్నది అప్పుడు ఎవరికి కావాలి? అతడు మీకు వినబడాలి.

వాదించదలచినవారికి స్వాగతం. అయితే ఒక షరతు. మీ లీనియరు ఎన్ని వాట్లో చెప్పే ముందు, ఎవరూ మాట్లాడనప్పుడు మీ ఎస్-మీటరు సూది ఎక్కడ నిలబడి ఉన్నదో చెప్పండి.