తరగతి గదిలో మౌనం

డిగ్రీ ప్రథమ సంవత్సరంలో చేరిన విద్యార్థులలో పలువురు తొలి మాసాలలో నోరు విప్పరు. దీనిని కొందరు అధ్యాపకులు వినయమనుకుంటారు. మరికొందరు మందబుద్ధి అనుకుంటారు. ఈ రెండు అభిప్రాయాలూ సరికావని మా విశ్వాసం. ఆ మౌనానికి మూలం చాలావరకు భాషలో ఉన్నది.

ఒక ఉదాహరణ చూడండి. ఆకు సూర్యరశ్మితో ఆహారం తయారుచేసుకొనే ప్రక్రియను తెలుగు పాఠశాలలో చదివిన బాలిక ‘కిరణజన్య సంయోగక్రియ’ అని నేర్చుకున్నది. ఉర్దూ పాఠశాలలో చదివిన బాలుడు దానినే ‘జియాయీ తాలీఫ్’ అని నేర్చుకున్నాడు. కళాశాలలో ‘ఫోటోసింథసిస్’ అన్న మాట వినగానే, తెలిసిన విషయమే తెలియనిదిగా ఇద్దరికీ తోస్తుంది. ఒకే తరగతిలో కూర్చున్న ఆ ఇద్దరూ, తమకొక్కరికే రాదనుకొని తల వంచుకుంటారు. ఈ మూడు మాటలనూ నల్లబల్లపై ఒకే వరుసలో వ్రాయడానికి రెండు నిమిషాలు చాలు. ఆ కొద్ది సాయం అందకనే విద్యార్థి సంవత్సరమంతా వెనుకబడవచ్చు.

ఇది మన నేలకు క్రొత్త సమస్య కాదు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య గరపింది. అందుకై 1917లోనే ‘దారుల్ తర్జుమా’ అనే అనువాద శాఖను నెలకొల్పి శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చారు. అయినను ఆంగ్లాన్ని నిర్బంధ పాఠ్యాంశంగానే ఉంచారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కళాశాల తరగతులకు తెలుగులో పాఠ్యగ్రంథాలు సిద్ధం చేసింది. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డిగ్రీ కోర్సులన్నిటినీ ఆంగ్ల మాధ్యమంలోనే నడపాలని నిర్ణయించింది. మాధ్యమం ఏదైనా కావచ్చు. విద్యార్థిని ఒక భాష నుండి మరొక భాషకు చేయిపట్టి దాటించవలసినవారు మాత్రం అధ్యాపకులే.

ఇందుకు గొప్ప వ్యయం అవసరం లేదు. తొలి మాసంలో ప్రశ్నను ఏ భాషలోనైనా అడిగే స్వేచ్ఛ ఇవ్వాలి. ఉచ్చారణ తప్పినప్పుడు తరగతి నవ్వకుండా చూడాలి; అధ్యాపకుడే నవ్వితే ఇక ఆ విద్యార్థి లేచి మాట్లాడడు. జవాబు పత్రంపై మార్కులు వేసి ఊరుకోక, పొరపాటు ఎక్కడ జరిగినదో ఒక్క వాక్యంలో సూచించాలి. ఆలస్యంగా వచ్చినవానిని అందరి ఎదుట మందలించుటకు ముందు, ఏకాంతంగా కారణం అడగాలి. రాత్రి వరకు దుకాణంలో పనిచేసి చదువుకొనేవారు మన మధ్య లేకపోలేదు. వారానికి ఒక గంట, ఎవరైనా వచ్చి సందేహం తీర్చుకొనే వేళగా ప్రకటించాలి.

ఈ విధంగా బుజ్జగిస్తే ప్రమాణాలు దిగజారవా అని కొందరు పెద్దలు ప్రశ్నిస్తారు. వారి ఆందోళనను మేము తేలికగా తీసుకోము. అయితే పరీక్షను సులభం చేయమని మేము కోరడం లేదు. ప్రశ్నపత్రం అందరికీ ఒక్కటే. దానిని చేరే దారిలో ముళ్ళు తీయమనుటయే మా ప్రార్థన. విద్యార్థులకు కూడ ఒక బాధ్యత ఉన్నది. మాతృభాషలో అడిగి తెలుసుకొన్న విషయాన్ని ఆ వారంలోనే ఆంగ్లంలో వ్రాసి చూపాలి. మాతృభాష ఊతకర్ర కావచ్చును గాని, నడకను మానిపించే సాకు కాకూడదు.

చివరగా కళాశాల కమిటీ వారికి ఒక మనవి. రాజ్యాంగంలోని 30వ అధికరణం భాషా, మత అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలు స్థాపించి నిర్వహించుకొనే హక్కునిచ్చింది. ఆ హక్కు సార్థకమయ్యేది భవనాలతో మాత్రమే కాదు. ప్రతి శాఖ తన పాఠ్యాంశంలోని ముఖ్య పదాలను ఉర్దూ, తెలుగు, ఆంగ్ల భాషలలో వరుసగా కూర్చి ఒక చిన్న పుస్తకం తయారుచేయాలి. దానిని ప్రవేశం పొందిన నాడే విద్యార్థి చేతికి ఇవ్వాలి. సందేహాల గంటను అధ్యాపకుల పనివేళలలో చేర్చాలి. ఈ రెండూ రానున్న విద్యా సంవత్సరంలోనే ఆచరణలోనికి రావాలని మేము ఆశిస్తున్నాము. వెనుక బల్లపై మౌనంగా కూర్చున్నవారికి అంతకన్న ఎక్కువ వ్యవధి లేదు. వారి డిగ్రీకి ఉన్నవి కొద్ది సంవత్సరాలే.