ఓపికంటే ఏందో చెప్పండి సార్!

అన్నలారా! అక్కలారా! హిందూపురం, పెనుకొండ, ధర్మవరం జనమా!

మనకు కూలి తక్కువ. నీళ్ళు తక్కువ. పని దొరికే రోజులు తక్కువ. నీతులు మాత్రం శానా ఎక్కువ! స్టేజీ ఎక్కిన ప్రతివాడూ మనకే చెప్పేది. ఓపిక పట్టండి. త్యాగం చేయండి. నిజాయితీగా బతకండి. చట్టాన్ని గౌరవించండి. బతికినాం కదప్పా! తాతల కాలం నుంచి అట్లనే బతికినాం. ఏం కూడబెట్టినాం? అప్పు కూడబెట్టినాం!

ఇన్నాళ్ళకు తెలిసొచ్చింది. మాటలు ఒకటే, అర్థాలే రెండు. ఒకటి మన బడిలో చెప్పింది. రెండోది వాళ్ళు వాడుకునేది. ఆ రెండోది ఏ పుస్తకంలోనూ ఉండదు. అందుకే చందాలు వేసుకొని ఈ కాగితం అచ్చేయించినాం. చదవండి. చదవలేనోళ్ళకు చదివి వినిపించండి.

ఓపిక: బాకీ పడినోడు, రావాల్సినోనికి చెప్పే నీతి.

నమ్మకం లేదా? చిలమత్తూరు, గోరంట్ల మండలాల రైతుల్ని అడగండి. లేపాక్షి నాలెడ్జ్ హబ్ అన్నారు. ఎనిమిది వేల ఎకరాలకు పైగా భూమి పోయింది. ఇంటికో ఉద్యోగం వస్తుందన్నట్టు చెప్పినారు. హబ్ యాడ? ఉద్యోగం యాడ? భూమి కాగితాలకు మాత్రం బాగానే పని దొరికింది. బ్యాంకుల్లో తాకట్టుకు పోయినాయి! తర్వాత సీబీఐ కేసులు, కోర్టులు, వాయిదాలు. అప్పుడు పుట్టిన పిల్లోళ్ళకు ఇప్పుడు మీసాలొచ్చినాయి. ఇంకా ఓపిక పట్టమంటున్నారు. ఎన్నాళ్ళు సార్? తేదీ చెప్పండి!

త్యాగం: ఇంకొకడి పొలంతో చేసేది. దీనికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

ఇంక నిజాయితీ. నిజాయితీ అంటే, టిఫిన్ క్యారియర్‌లో వెతికేది. ఫ్యాక్టరీ గేటు దగ్గర షిఫ్టు దిగినోణ్ణి నిలబెడతారు. జేబులు తడుముతారు. చెప్పులు విప్పమంటారు. అడుగు డబ్బాలో మిగిలిన రాగిసంగటి ముద్దను కూడా మూత తీసి చూపించాల. బోల్టు దాచినావేమో! మరి 2025లో ఏమైంది? పెనుకొండ కియా ప్లాంటులో 900 కారు ఇంజన్లు కనపడడం లేదని పోలీసులకు ఫిర్యాదు పోయింది. ఒకటి కాదు, రెండు కాదు, తొమ్మిది నూర్లు! ఒక్క రోజులో కాదు, కొన్నేళ్ళ పాటు పోయినాయంట. పట్టుబడినోళ్ళ కేసు కోర్టు చూసుకుంటుంది, మనకు దాంతో పని లేదు. మనం అడిగేది ఒకటే. ఇంజను ఏ టిఫిన్ క్యారియర్‌లో పడుతుంది సామీ?

అదే పెనుకొండ గురించి ఇంకో మాట. 1565లో రక్కసి తంగడి యుద్ధం పోయినాక విజయనగరం రాజులు వచ్చి కూర్చున్న ఊరిది. ఈ రోజు ఆ ఊరి డిగ్రీ పిల్లోడు సెక్యూరిటీ గార్డు పనికి సిఫారసు ఉత్తరం పట్టుకొని తిరుగుతున్నాడు. ఎందుకంటే, అర్హత: చేయాల్సిన ఫోను చేయించగలగడం.

ధర్మవరానికి రండి. ఇక్కడ మాటలు ఇంకా ముదిరినాయి.

నాణ్యత: కూలి ఇచ్చే రోజు గుర్తొచ్చే గుణం. చీర దింపుకొని సావుకారి గద్దె ముందు కూర్చుంటాం. ఆయన ట్యూబులైటు కింద చీర పరుస్తాడు. కొంగు చూస్తాడు. అంచు వేలితో రుద్దుతాడు. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళా పెట్టుకుంటాడు. ‘ఇక్కడ దారం లేచిందే... ఇక్కడ మచ్చ ఉందే...’ చీటీ మీద అయిదు నూర్లు కోత! మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చొని, మోకాళ్ళు పట్టేసి, కళ్ళు మండి, ఇంట్లో ఆడమనిషి కండెలు చుట్టి చుట్టి చేతులు కాయలు కాసిన చీర అది. ఆ మచ్చ చీరను తగ్గించి అమ్ముతాడా? అమ్మడు! షాపులో అదే చీర, అదే ధర. మచ్చ మన కూలి మీదనే పడింది, చీర మీద కాదు!

న్యాయం: అచ్చేసి బీరువాలో పెట్టే వస్తువు. 1985లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. కొన్ని రకాలు చేతిమగ్గం మీదనే నేయాల, మరమగ్గం ముట్టకూడదు. ఇప్పుడు ఆ జాబితాలో 11 రకాలున్నాయి, అందులో చీరా ఉంది. తప్పు చేసినోనికి ఆరు నెలల దాకా జైలు, లేదంటే ఒక్కో మగ్గానికి అయిదు వేల దాకా జరిమానా, లేదంటే రెండూ అని అందులో రాసినారు. బాగుంది కదా? ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి మన వీధుల్లో నిలబడి చెవి పెట్టండి. టకటకటక! ఏ చెయ్యి నేస్తే ఆ సప్పుడొస్తుంది? మనం రోజుల తరబడి నేసే డిజైనును ఆ మిషన్ పూటల్లో దింపుతుంది. చేనేత పట్టు అని చీటీ కట్టి, మన చీర పక్కనే, మనకంటే తక్కువకు! ధర్మవరం పట్టుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉందని గొప్ప. గుర్తింపు చీరకొచ్చింది, నేసినోణ్ణి గుర్తుపట్టేవాడేడీ? తనిఖీకి వస్తున్నారని ముందురోజే ఎట్ల తెలుస్తుందో ఆ దేవునికే ఎరుక.

ఒక మాట. మరమగ్గం మీద కూలికి నిలబడేవాడు మన శత్రువు కాదు. వాడూ అప్పులోడే. పన్నెండు గంటలు నిలబడి వాడూ మనలాగే ఒళ్ళు గుల్ల చేసుకుంటున్నాడు. మన కొట్లాట మిషన్ పెట్టించి, దొంగ చీటీ కట్టించే సేట్లతోనే.

కరుణ: ముందు సర్టిఫికెట్ చూపిస్తే తర్వాత కలిగేది. 2019 డిసెంబరు 21న నేతన్న నేస్తం పథకాన్ని మన ధర్మవరంలోనే మొదలుపెట్టినారు. ఏడాదికి 24,000 అన్నారు. కాదనం, తీసుకున్నోళ్ళకు ఆసరా అయింది. షరతు ఏంది? సొంత మగ్గం ఉండాల! సొంత మగ్గం లేకనే కదా పరాయి మగ్గం మీద కూలికి కూర్చున్నాం? అందరికంటే బీదోణ్ణి బయట నిలబెట్టే కరుణ అది. ప్రభుత్వం మారింది. సమానత్వం వచ్చింది! 2025 చేనేత దినోత్సవం నాడు ఉచిత కరెంటు ప్రకటించినారు. చేతిమగ్గానికి 200 యూనిట్లు, మరమగ్గానికి 500. చేతికి తక్కువ, మిషనుకు ఎక్కువ. నవ్వాల్నా, ఏడ్వాల్నా?

గౌరవం: శాలువా. ఏడాదికొక రోజు, ఆగస్టు 7. 1905లో ఆ రోజే స్వదేశీ ఉద్యమం మొదలైందని 2015 నుంచి చేనేత దినోత్సవం చేస్తున్నారు. 2020లో ఢిల్లీవాళ్ళు ఏం చేసినారో తెలుసా? జూలై 27న అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేసినారు. పదకొండు రోజులు తిరిగేసరికి చేనేత శుభాకాంక్షలు చెప్పినారు! ఈసారి మీకు కప్పే శాలువాను తిప్పి చూడండి, ఏ మగ్గం మీద నేసిందో.

మౌనం: నోరున్నోళ్ళు పట్టే దీక్ష. నోరు లేనోళ్ళకు రోజూ ఉండేదే. 2022లో జిల్లా కేంద్రం కోసం హిందూపురంలో బందులు చూసినాం, మౌనదీక్ష కూడా చూసినాం. ఏప్రిల్ 4న జిల్లా పుట్టింది, కేంద్రం పుట్టపర్తికి పోయింది. ఇప్పుడు ఒక సంతకం కోసం కూలి మానుకొని, బస్సు చార్జీ పెట్టుకొని పోవాల. పొయ్యేసరికి సారు మీటింగులో ఉంటాడు.

మనమేమన్నా పత్తిత్తులమా? కాదు. విశ్వాసం అనే మాటకు మన వీధుల్లో అర్థం, పోలింగు ముందురోజు రాత్రి కవరులో వచ్చేది. తీసుకున్నాం. తిన్నాం. అయిదేళ్ళు నోరు మూసుకున్నాం. కవరు ఇచ్చినోడు దాన్ని విశ్వాసం అనుకోలేదు, రసీదు అనుకున్నాడు! నీతులు చెప్పేవాళ్ళను మన కదిరి పక్కన కటారుపల్లిలో పండుకున్న వేమన ఎప్పుడో ఉతికి ఆరేసినాడు. ఆయన పద్యాలు పిల్లోళ్ళతో బట్టీ పట్టిస్తాం. పెద్దోళ్ళం మాత్రం దండలు పట్టుకొని నిలబడతాం!

చాలు! ఇంక మాటల అర్థం మనం అడగాల.

ఎవరన్నా ఓపిక అంటే, ‘తేదీ రాసియ్యండి’ అనండి. త్యాగం అంటే, ‘ముందు మీ పొలం సర్వే నంబరు చెప్పండి’ అనండి. చట్టం అంటే, ‘ఈ ఏడాది ఎన్ని మగ్గాలకు జరిమానా వేసినారు?’ అని చేనేత జౌళి శాఖను కాగితం మీద అడగండి. సమాచార హక్కు అర్జీకి పది రూపాయలే ఫీజు, బీదోళ్ళ రేషన్ కార్డు ఉంటే అదీ అక్కర్లేదు. శాలువా కప్పడానికి పిలిస్తే పోండి, మైకు అందుకొని ఈ ప్రశ్నే అడగండి!

వచ్చే సోమవారం పుట్టపర్తి కలెక్టరాఫీసు గ్రీవెన్సుకు మూడు ఊర్ల నుంచీ పోదాం. ఒక్కొక్కరం పోతే చెత్తబుట్ట. నూర్ల మందిమి పోతే? కోతల చీటీలు తెచ్చుకోండి. చీటీ ఇయ్యలేదా? తెల్ల కాగితం మీద చీర రకం, దింపిన తేదీ, కోసిన రూపాయలు రాయండి. భూమి పోయినోళ్ళు పాసుపుస్తకం జిరాక్సు తెండి. కాంట్రాక్టు కూలీలు జీతం పడిన బ్యాంకు పుస్తకం తెండి. అర్జీ ఇచ్చినాక రసీదు తీసుకోకుండా ఎవరూ కదలొద్దు! రాయడం రానోళ్ళకు మన కాలేజీ పిల్లోళ్ళు ఆదివారం సాయంత్రం వీధి వీధికీ వచ్చి రాసిపెడతారు.

సోమవారం పొద్దున్నే మొదటి బస్సు. సద్ది కట్టుకొని రండి!

ఇట్లు,
మగ్గం కూలీలు, ఫ్యాక్టరీ కూలీలు, భూములు పోయిన రైతులు