కుడివైపు చివర

బర్మింగ్‌హామ్‌కి చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలకు,

మొన్న గుడిలో భోజనాల దగ్గర మీలో ఒకబ్బాయి, "ఈ ఊళ్ళో చూడ్డానికి ఏముందండీ, సెలవొస్తే అట్లాంటా పోవడమే" అన్నాడు. అప్పటికప్పుడు నాకు జవాబు తోచలేదు. రెండు రోజులుగా అదే మనసులో మెదులుతోంది. అందుకే ఈ ఉత్తరం.

ఊరికి పడమటి వైపు రిక్‌వుడ్ ఫీల్డ్ ఉంది. అమెరికాలో ఇంకా నిలిచి ఉన్న ప్రొఫెషనల్ బేస్‌బాల్ మైదానాల్లో అదే అన్నిటికన్నా పాతది. ఇనుము కంపెనీ కుటుంబానికి చెందిన రిక్ వుడ్‌వర్డ్ కట్టించాడు, దానికి ఆయన పేరే పెట్టారు. 1910 ఆగస్టు 18న మొదటి ఆట. పెద్ద లీగ్‌కి ఎదగాల్సిన కుర్రాళ్ళు ఆడే మైనర్ లీగ్ జట్టు బర్మింగ్‌హామ్ బేరన్స్‌కి అప్పట్లో అది సొంతిల్లు. బేరన్స్ ఊళ్ళో లేని రోజుల్లో అదే గడ్డి మీద నల్లజాతి ఆటగాళ్ళ జట్టు బ్లాక్ బేరన్స్ ఆడేది.

రెండు జట్లూ కలిసి ఆడటానికి మాత్రం వీలుండేది కాదు. ఊరి చట్టం ఒప్పుకునేది కాదు. బేస్‌బాల్ దాకా ఎందుకు, ఒక నల్లమనిషీ ఒక తెల్లమనిషీ ఎదురెదురుగా కూర్చుని చెకర్స్ ఆడుకున్నా నేరమే. బేరన్స్ ఆట చూడాలనుకున్న నల్లవాళ్ళకి కుడివైపు చివర, దూరంగా, విడిగా బల్లలు. రేడియోలో బేరన్స్ ఆటలు వర్ణించి పేరు తెచ్చుకున్న బుల్ కానర్, 1963లో ఈ ఊరి పోలీసు అధికారం చేతిలో పెట్టుకుని, ఈ వేరుపాటు వద్దని ఊరేగింపుగా వచ్చిన స్కూలు పిల్లల మీదికి కుక్కల్ని వదిలించాడు.

ఆ చట్టం నడిచిన రోజుల్లోనే, 1948లో, పక్క ఊరి స్టీలు కార్మికుడి కొడుకు విల్లీ మేస్ పదిహేడేళ్ళ వయసులో, హైస్కూలు చదువుతూనే బ్లాక్ బేరన్స్‌లో ఆడాడు. తర్వాత లోకమంతా అతన్ని చూసింది. ముందు చూసింది ఈ మైదానం.

కలిపి ఆడనివ్వని ఊళ్ళో 1961 తర్వాత రెండేళ్ళు బేరన్స్ జట్టే లేకుండా పోయింది. 1964లో తిరిగొచ్చినప్పుడు అందరూ ఒకే జట్టు. అయినా 1967లో ఇక్కడ ఆడిన నల్లజాతి ఆటగాడు రెజ్జీ జాక్సన్‌కి హోటళ్ళలో అన్నం పెట్టలేదు, గది ఇవ్వలేదు. తోటి ఆటగాడు జో రూడీ ఇంట్లో సోఫా మీద పడుకున్నాడు. 2024 జూన్ 20న పెద్ద లీగ్ వాళ్ళు రిక్‌వుడ్‌లో ఆట పెట్టినప్పుడు, ఇక్కడికి తిరిగి రావడం తనకు తేలిక కాదని జాక్సన్ టీవీలో చెబుతుంటే నేను కదల్లేకపోయాను. దానికి రెండు రోజుల ముందే మేస్ కన్నుమూశాడు. మేస్‌తో కలిసి ఆడిన బిల్ గ్రీసన్, తొంభై తొమ్మిదేళ్ళ పెద్దాయన, ఆ సాయంత్రం మొదటి బంతి విసిరాడు.

నా సంగతీ చెప్పాలి. 1980ల్లో ఆఫీసువాళ్ళతో రిక్‌వుడ్‌కి వెళ్ళి, కుడివైపే కూర్చుని వేరుశనగకాయలు తిన్నాను. ఆ వైపు ఒకప్పుడు ఏముండేదో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఈ దేశంలో ఏ హోటలుకెళ్ళినా నాకు గది దొరికిందంటే నా చదువు వల్లేనని చాలా ఏళ్ళు నమ్మాను. మనలాంటివాళ్ళకి తలుపు తెరిచిన వలస చట్టం 1965లో వచ్చింది. దానికి ముందు ఏడాది పౌరహక్కుల చట్టం. వాటి వెనక ఈ ఊరి పిల్లలు తిన్న దెబ్బలున్నాయి.

1987 తర్వాత బేరన్స్ వేరే మైదానానికి వెళ్ళిపోయారు. రిక్‌వుడ్ కూలిపోకుండా ఊరివాళ్ళు కొందరు 1992లో సంఘం పెట్టుకుని కాపాడారు. స్కూలు, కాలేజీ జట్లు అక్కడ ఆడాయి. '42' అనే బేస్‌బాల్ సినిమాలో కొంత భాగం అక్కడే తీశారు.

గేటు తెరిచే రోజు కనుక్కుని కబురు పెడతాను. నా కారులో నలుగురు పడతారు. ముందు కుడివైపు చివరికి నడుద్దాం.

మీ
పెదనాన్న వరసవాడు